మేడ మీది పెనం

దోసెలు పోసి పోసి నడుమ పల్లం పడిన ఇనప పెనం ఒకటి మా అక్క వీరలక్ష్మి దగ్గర మూలన పడి ఉండేది. దాన్ని మేడ మీద గొట్టం చివర బోర్లించి కట్టింది నేను. కట్టమన్నది మా అమ్మాయి అరుణశ్రీ.

"ఇంకాస్త పైకి నాన్నా. పక్కోళ్ల నీళ్ల టాంకీ అడ్డం రాకూడదు. దీనికి ఆకాశమంతా కనపడాల."

పెనానికి ఆకాశంతో పనేమిటని నేను అడగలేదు. తీగ బిగించి, ఊపి చూసి దిగాను. అరుణశ్రీ ఎక్కి, బోర్లించిన పెనం మీద ఒక నల్ల బిళ్ల పెట్టింది. అగ్గిపెట్టెకన్నా చిన్నది. అడుగున అయస్కాంతం ఉన్నట్టుంది, టక్కున అతుక్కుంది. దాని సన్నటి తీగ గొట్టం వెంట కిందికి జారి, గొట్టానికే కట్టి ఉన్న రెండు తెల్ల పెట్టెల్లోకి పోయింది.

అది రంగూన్లో తామ్వే పేట. ఆ ఏడు నీళ్ల పండగ ఎవరూ చేసుకోలేదు. నేను పెగూ అవతల మా పల్లెనుంచి కొత్త బియ్యం మూటలతో అక్కను చూడడానికి వచ్చాను. వచ్చిన వారంలోనే సైన్యం రాజ్యం తీసుకుంది. తర్వాత దారులు మూసేశారు. చేనుకు దూరంగా ఇక్కడే ఉండిపోయాను.

మా అక్క కొడుకు కోటిబాబే నా అల్లుడు. మేనరికం. టాక్సీ తోలేవాడు. వీధి మొగలో కుర్రాళ్లు ఇసకమూటలతో కట్టిన అడ్డుగోడ దగ్గర అతనికి మోకాలి కింద గుండు తగిలింది. ఆసుపత్రి గేట్ల దగ్గర సైనికులే ఉన్నారు. గాయంతో లోపలికి పోయినవాళ్లు మళ్లీ ఇంటికి రావడం లేదు. అందుకని స్నేహితులు అతన్ని వెనక వీధిలో మూసేసిన మిరపకాయల గోదాములో దాచారు. గాయాలు తగిలిన కుర్రాళ్లు మరో ఇద్దరు అక్కడే ఉన్నారు. వీధిలో అడిగినవాళ్లకు కోటిబాబు మా ఊరు వెళ్లాడని చెప్పాం.

ఆసుపత్రి ఉద్యోగం మానేసిన ఒక నర్సు వచ్చి కట్లు మార్చేది. డాక్టరు మాత్రం ఎక్కడో దాక్కున్నాడు. ఆయన గాయాన్ని చూడాలంటే ఫోను తెరలోనే చూడాలి. ఫోన్లలో ఇంటర్నెట్టు ముందే కోసేశారు. ఆ తర్వాత గాలిలో వచ్చేదంతా కోసేశారు. ఇంటికి తీగ లాగించుకున్నవాళ్లకే మిగిలింది. మా వీధుల్లో అలాంటి ఇల్లు లేదు. ఊరికి అవతల లమ్మడా పేటలో పప్పుల వ్యాపారం చేసే బంగారయ్యగారి మేడకు ఉంది. ఆయన ఎందుకని కూడా అడగకుండా సరే అన్నాడు. ఆయన మేడనుంచి మా మేడకు, మా మేడనుంచి గోదాముకు, పెట్టెనుంచి పెట్టెకు గాలిలోనే అందించాలి. అరుణశ్రీ టెలిఫోను టవర్ల పని చేసి, సమ్మెలో మానేసిన పిల్ల. ఆ పాత పెట్టెలు ఆమె దగ్గరున్నవే.

మొదటిరోజు డాక్టరు ముఖం గళ్లుగళ్లుగా విరిగిపోయింది. మాట నీళ్లలో మునిగినట్టు బుడబుడమంది. నేను గోదాముకు అన్నం పట్టుకెళ్లాను. బుట్ట మోసుకుపోయే ముసలివాణ్ణి ఎవరూ చూడరు. నర్సు ఫోను పట్టుకుని ఏడవడమొక్కటే తక్కువ. కోటిబాబు పళ్లు బిగించుకుని పైకప్పు చూస్తున్నాడు.

ఇంటికొచ్చి చెప్తే అరుణశ్రీ నేలమీద కూలబడింది.

"రెండు పెట్టెలూ ఒకే గొట్టానికున్నాయి కద నాన్నా. ఒకటి మాటాడతంటే రెండోది వింటంది. దాని చెవిలో పక్కదాని కేకే పడతంది. దూరంనుంచొచ్చింది వినపడదు. రెండూ ఒక్కపాలే మాటాడాల, ఒక్కపాలే వినాల."

"అలాగే చెయ్యి."

"దానికి రెండింటికీ ఒకటే గడియారం కావాల. వెంట్రుకంత తేడా వచ్చినా పని సెడిపోతాది."

మా తాత రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఓడకూ ఒడ్డుకూ మధ్య పలక మీద జట్టంతా నడిచేటప్పుడు మేస్త్రి కేక వేసేవాడట. ఆ కేకకే అందరి కాళ్లూ పడాలి. ఒక్కడు తప్పి అడుగేస్తే పలక ఊగి అందరూ నదిలో పడతారు. నాకు అంతవరకు అర్థమైంది.

"మేస్త్రి కావాలన్నమాట," అన్నాను.

"అదే. కంపెనీలో అయితే దానికో పెట్టుంటాది. బయటి దేశంనుంచి రావాల. విమానాల్లేవు, అమ్మే కొట్టుకి తాళం. అయినా అది మనం కొనేదా?"

మర్నాడు ఆమె కోటిబాబు టాక్సీలో సగం దూరి, ఏదో పెకలించి తెచ్చింది. బండి ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి యజమానులు పెట్టిస్తారే, ఆ పెట్టె. రంగూన్లో దాన్ని జీపీయెస్ అంటారు. ఆ మాట వింటే టాక్సీవాళ్లు ఉమ్మేస్తారు. వంటింట్లో కూర్చుని దాన్ని విప్పింది. యజమానికి కబురు పంపే సగాన్ని ఊడదీసి పొయ్యిలో పడేసింది. గోరంత బిళ్ల ఒకటి ఉంచింది. అది ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను వింటుందట. మనం ఎక్కడున్నామో దానికి తెలియాలంటే ముందు ఇప్పుడు వేళ ఎంతో తెలియాలట. మాకు ఆ వేళే చాలు. సెకనుకో దెబ్బ. ఆ దెబ్బను రెండు పెట్టెలకూ ఇచ్చింది. దానికి చెవిలాంటి ఆ నల్ల బిళ్ల సరిగ్గా వినడానికి కింద ఇనుము ఉంటే మంచిదంటే, అక్క తన పెనం తెచ్చిచ్చింది.

కాసేపటికి పెట్టె మీది చిన్న దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుండె కొట్టుకున్నట్టే. ఆ సాయంత్రం గోదాములో డాక్టరు ముఖం నిండుగా కనపడింది. కళ్లకింద నలుపు కూడా కనపడింది. కాలి బొటనవేలు నొక్కి వదలమన్నాడు. నర్సు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు మెల్లగా ఎర్రబడింది. రక్తం ఆడుతోందని ఆయన తలూపాడు.

అక్క వీధి మొగలో దోసెల బండి పెట్టుకుంది. ఇక్కడివాళ్లు తోషే అంటారు. ఎదురింటి డా న్యుంట్ రోజూ పొద్దున్నే వస్తుంది. ఇక్కడ పెద్ద ఆడవాళ్ల పేరుకు ముందు డా అని, మగవాళ్ల పేరుకు ముందు ఊ అని అంటారు. అక్కను మ లచ్చీ, అంటే లచ్చక్కా, అని పిలుస్తుంది. ఇద్దరికీ పాతికేళ్ల స్నేహం. ఆ పొద్దున నేను నీళ్లబిందె పట్టుకుని వచ్చేసరికి డా న్యుంట్ వెళ్లిపోతోంది. ఆమె దోసె ఆకులో సగం మడిచి అక్కడే ఉంది.

"తీసుకోకుండా పోతందేటి?" అంది అక్క. "పెనం మేడెక్కిందేం, ఆకాశానికి తోషే పోస్తన్నావా అని నవ్విందిరా. నానూ నవ్వి సెప్పీసినాను."

"ఏం చెప్పావు?"

"గోదాం మాట సెప్తానేటి? నాకు తెల్దా? జీపీయెస్, పైనుంచి కబురొస్తాదని సెప్పినాను. అంతే."

నేను బిందె దించాను.

చీకటి పడగానే ఆ రోజుల్లో ఊరంతా గిన్నెలు మోగించేది. దెయ్యాన్ని తరిమేటప్పుడు ఈ దేశంలో అలా చేస్తారు. ఇప్పుడు సైన్యాన్ని తరమడానికి. అక్క కూడా రోజూ గుమ్మంలో నిలబడి గరిటెతో మూకుడు కొట్టేది. అందరికన్నా గట్టిగా కొట్టేది, కొడుకు పడుకున్న గోదాము దాకా వినపడాలని. ఆ సాయంత్రమూ మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె చెయ్యి నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది.

వీధిలో అందరూ మా ఇంటివైపు తిరిగి కొడుతున్నారు.

కిటికీల్లోంచి, వసారాల్లోంచి, మేడల మీదినుంచి. మా మీదికి ఏమీ విసరలేదు. మా గుమ్మాన్నే చూస్తూ కొడుతున్నారు. డా న్యుంట్ ఒక్కతే తల వంచుకుని కొడుతోంది. అక్క మూకుడు గుండెకు ఆనించుకుని లోపలికి వచ్చి తలుపు మూసింది. ఆ మోత తలుపులోంచి కూడా వచ్చింది.

మర్నాడు దోసెల బండి దగ్గరికి ఎవరూ రాలేదు. ఎండ ఎక్కాక ఊ బ తిన్ వచ్చాడు. ఒకప్పటి బస్సు డ్రైవరు. వీధి కాపలాకు ఆయనే పెద్ద. వెంట కుర్రాళ్లు, వాళ్ల చేతుల్లో పొడుగాటి వెదురుబొంగులు.

"మేడ మీద ఉన్నది దించండి," అన్నాడు బర్మాలో. "మీరు దించకపోతే మేం దించుతాం."

అక్క అడ్డం వెళ్లింది. "ఏటి దించీది? అది గడియారం బాబూ! ఒట్టి గడియారం!"

"నిన్న తదిన్ పే అన్నావు. ఇవాళ గడియారం అంటున్నావు."

అప్పుడు నాకు తెలిసింది. తదిన్ అంటే కబురు. పే అంటే ఇవ్వడం. మనం తెలుగులో ఎవరిస్తారో చెప్పకుండా ఇస్తాది అని వదిలేస్తాం, వినేవాళ్లు చూసుకుంటారు. అక్క అలాగే వదిలేసింది. బర్మాలో ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటే అర్థం వేరు. సైన్యానికి మనుషుల పేర్లు చెప్పే వేగువాణ్ణి అలా అంటారు. అంతకు ముందు వారమే ఆ వీధిలో ఒక కుర్రవాణ్ణి ఇంట్లోంచి లాక్కుపోయారు. ఎవరో పేరు చెప్పారు. ఎవరో తెలియదు. అలాంటి వీధిలో మా అక్క నవ్వుతూ తన మేడ చూపించి, అది జీపీయెస్, వేగు చెప్తాది అంది.

అక్క నావైపు తిరిగింది. "ఓరి సత్తిరాజూ, నానేటన్నాన్రా? పైనుంచి కబురొస్తాదనే కదా?"

"పైనుంచి అనలేదు నువ్వు. ఇస్తాది అన్నావు. ఎవులిస్తారో అనలేదు."

అక్క పాతికేళ్లుగా ఆ భాషతో బజారు చేసింది. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

"కలావాళ్లు చూడండి, వాళ్ల భాషలో ఏదో కూడబలుక్కుంటున్నారు," అన్నాడు ఒక కుర్రాడు. కలా అంటే ఇండియానుంచి వచ్చినవాళ్లను ఇక్కడ చులకనగా అనే మాట.

అరుణశ్రీ ముందుకొచ్చింది. ఆమెకు బర్మా ఇక్కడి పిల్లలకు వచ్చినట్టే వచ్చు. "ఊ బ తిన్, ఆ బిళ్ల ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్పలేదు. చెప్పే భాగం నేనే ఊడదీశాను. అది వింటుంది, అంతే."

"వేగువాళ్లు కూడా ముందు చేసేది వినడమే కదమ్మా," అన్నాడు ఆయన. వెటకారంగా అనలేదు. "సరే. ఎందుకు పెట్టారు? అది చెప్పు."

అరుణశ్రీ నన్ను చూసింది.

ఆ సాయంత్రమే గోదాములో పని ఉంది. కోటిబాబు గాయం లోపల చీము పట్టింది. పిక్క బిగిసిపోయింది, రెండు రోజులుగా జ్వరం దిగలేదు. డాక్టరు చూస్తూ చెప్తుంటే నర్సు కోసి తీయాలి. ఆయన ఆ సాయంత్రం దాటితే మకాం మార్చేస్తాడు, మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. చూసేవాళ్లు లేకుండా కోస్తే కాలు పోవచ్చు. కోయకపోతే మనిషే పోవచ్చు. ఆ మాట ఊ బ తిన్‌తో అంటే పెనం అక్కడే ఉంటుంది. కాని ఆ బొంగులు పట్టుకున్నవాళ్లందరూ వింటారు. ముందు వారం పేరు చెప్పినవాడు వాళ్లలో లేడని ఎలా అనుకోవడం? గోదాములో ముగ్గురున్నారు.

అక్క కూడా అదే అనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చెప్పాను. అక్క బడికి పోలేదు గాని, నేను మా పల్లె బడిలో చదివింది బర్మాలోనే. మాటలు నిదానంగా వస్తాయి గాని తప్పు రావు.

"రేపు పొద్దున నేనే దించుతాను. ఇవాళ ఉండనివ్వండి. అంతదాకా నేను మీ ఇంట్లో కూర్చుంటాను. ఆ పెనం చూసుకుని సైనికులు వస్తే నేను మీ చేతిలో ఉంటాను. మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

"ఇవాళే ఎందుకు?"

"చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను."

ఆయన తలెత్తి పెనాన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"బొంగులు దించండ్రా," అన్నాడు చివరికి.

"అదేంటి తాతా! అతను చెప్పనంటుంటే!"

"అబద్ధం ఆడేవాడైతే ఈపాటికి ఒకటి చెప్పేసి ఉండేవాడు."

అక్క నా భుజం పట్టుకుంది. "ఒరే, నా నోటికి నువ్వెల్తావేట్రా? నానెల్తాను."

"నువ్వెళ్తే అక్కడ కూడా మాటాడతావు," అన్నాను.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "పో. పోరా ముంగీ."

ఊ బ తిన్ ఇంటి ముందుగదిలో నాకు పీట వేశారు. ఆయన భార్య పంచదార లేని తేనీరు ఇచ్చింది. ఎదురుగా కిటికీ. కిటికీలోంచి మా మేడ, గొట్టం, దాని మీద పెనం కనిపిస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి నైరుతినుంచి మబ్బు పట్టింది. మబ్బులోంచి ఆకాశం మాట వినపడుతుందో లేదో అరుణశ్రీని అడిగి ఉండాల్సింది. చినుకులు పడ్డాయి. పెనం అంచునుంచి నీళ్లు కారడం చూస్తూ కూర్చున్నాను. ఊ బ తిన్ కూడా అదే చూస్తున్నాడు. ఆయన చూసేది వీధికోసం. నేను చూసేది అల్లుడి కాలికోసం.

గిన్నెల వేళ అయింది. ఆయన ఇంట్లోవాళ్లంతా గుమ్మంలోకి వెళ్లారు. మళ్లీ వీధంతా మా ఇంటివైపే తిరిగింది. అక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆమె చేతిలో మూకుడు లేదు. చేతులు కట్టుకుని, మోత అంతా అయిపోయేవరకు, తడుస్తూ అలాగే నిలబడింది. వాళ్లు ఆమెను చూస్తూ కొట్టారు. ఆమె వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఆ వేళకు గోదాములో కత్తి పెడుతున్నారని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

రాత్రంతా సైన్యం బండి ఏదీ రాలేదు.

తెల్లవారాక అరుణశ్రీ వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"పనైపోయింది నాన్నా. ఇంటికి రా."

"ఏమంటోంది?" అన్నాడు ఊ బ తిన్.

"పని అయిపోయిందంటోంది," అన్నాను.

ఏ పని అని ఆయన అడగలేదు. లేచి నా చెప్పులు నావైపు తిప్పి పెట్టాడు. పెద్దవాడు అలా చేయడం ఈ దేశంలో చిన్న విషయం కాదు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మెట్ల మీద అరుణశ్రీ చెప్పింది. "చానా చీముందంట. ఎముకముక్క ఒకటి వచ్చినాదంట. నర్సు చెయ్యి వణికితే డాక్టరు, ఆగమ్మా, ఊపిరి తీసుకో, ఇప్పుడు ఎడమకి, వరిగింజంత, అని చెప్పినాడంట. బొమ్మ ఒక్కసారి కూడా విరగలేదు. కాలుంటాది నాన్నా. కుంటుతాడు గాని నడుస్తాడు." అంటూ గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

కోటిబాబునూ ఆ ఇద్దరు కుర్రాళ్లనూ వెనక వీధిలో ఉంచడం ఇక మంచిది కాదని స్నేహితులు అన్నారు. కూరగాయల పడవలో ముగ్గురినీ చిమిండైంగ్ రేవునుంచి నది దాటించాలని అనుకున్నారు. నేను మేడెక్కి పెనం విప్పాను. వీధి చూస్తోంది. దించడమంటే తప్పు ఒప్పుకోవడమే, వాళ్ల లెక్కలో. ఒక కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను అడిగింది, "ఆ మాట సరిగ్గా ఎలాగనాల్రా?"

"మో గ పే దె. ఆకాశమే ఇస్తుంది అని. ఆ 'గ' ఉంటేనే ఇచ్చేదెవరో తెలుస్తుంది."

"మో గ పే దె." మళ్లీ అంది. "ఇంతేనా? ఈ చిన్న గుంట అచ్చరమా?"

"ఇంతే."

పిండి రుబ్బుతూ ఆ మాట లోపల లోపల అనుకుంటూనే ఉంది. మర్నాడు బండి పెట్టింది. ఎవరూ రాలేదు. పొయ్యి వెలిగించి, పెనం మీద నీళ్లు చల్లి, ఎవరికీ కాకుండా ఒక దోసె పోసింది. డా న్యుంట్ సంచి పట్టుకుని వచ్చింది. బండి ముందు ఆమె నడక నెమ్మదైంది. నిలబడింది. ఏదో చెప్తావా అన్నట్టు అక్క ముఖంలోకి చూసింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అక్క నాలుక చివర ఆ మాట ఉంది. సరిగ్గా ఉంది. కాని ఆ మాట పైకి అంటే డా న్యుంట్ వెంటనే అడిగేది ఒకటే: ఆకాశం ఇస్తే, ఎవరికి ఇచ్చింది?

అక్క దోసె తిరగేసింది. "ఎండ బాగా ఉంది," అంది బర్మాలో.

డా న్యుంట్ ఇంకాస్త సేపు నిలబడి వెళ్లిపోయింది.

"సెప్తే బాగుండేది కదా," అన్నాను మెల్లగా. నాకు అక్కను అలా చూడడం చేతకాలేదు. "ఆవిడొక్కతికే."

"పడవ దాటినాదని కబురొచ్చిందేట్రా?"

"ఇంకా లేదు."

"వచ్చినాక కూడా సెప్పను. ఆ పడవలో మరిద్దరు తల్లుల బిడ్డలున్నారు. ఆ తల్లులెక్కడున్నారో నాకు తెల్దు. ఈ మాట తెలిసినోళ్లకి ఏటవుతాదో అదీ తెల్దు." దోసె తీసి ఆకులో పెట్టింది. "నన్ను ఏటనుకున్నా అనుకోనీ. నా కొడుక్కి కాలు దక్కింది."

దోసె నాకిచ్చి మళ్లీ గరిటె పిండిలో ముంచింది. వీధిలో మనుషులు బండికి దూరంగా, అవతలి పక్కనుంచి నడుస్తున్నారు. వాళ్లలో ఎవరితోనూ ఆమె మాట్లాడలేదు. నేను దోసె తిన్నాను. ఆమె ఇంకొకటి పోసింది.